రూపమా, అర్థమా? – జావాస్క్రిప్ట్ కోడ్ స్వయంచాలక ఫార్మాటింగ్ చరిత్రలో ‘గోపాల్‌పేట’

వ్యాససంగ్రహం:

ప్రోగ్రాము అర్థాన్ని తాకకుండా దాని రాతరూపాన్ని మాత్రమే సరిదిద్దే సాధనాన్ని ఫార్మాటర్ అంటారు. జావాస్క్రిప్ట్ భాషకు 2017లో వెలువడిన ‘ప్రెట్టియర్’ ఈ కోవలో విస్తృత ప్రచారం పొందిన కమాండ్ లైన్ సాధనం. ఇటువంటి సాధనం పనిచేయాలంటే రూపం ఎక్కడ ముగుస్తుందో, అర్థం ఎక్కడ మొదలవుతుందో ముందుగా ఎవరో ఒకరు నిర్ణయించి ఉండాలి. ఆ సరిహద్దు 1999లో తెలుగు లిపికి నష్టం కలిగించే చోట గీయబడింది, 2009లో సవరించబడింది. అయినా కొలబద్ద విషయంలో పాత ఊహ నేటికీ మిగిలి ఉంది. వనపర్తి జిల్లాలోని గోపాల్‌పేట అనే గ్రామనామాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జావాస్క్రిప్ట్, ఫార్మాటర్, ప్రెట్టియర్, యూనికోడ్, పొల్లు, పదచ్ఛేదం, గోపాల్‌పేట.

1. ఉపోద్ఘాతం:

ఒకప్పటి హైదరాబాదు రాజ్యంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానాల సరసన గోపాలపేట సంస్థానం ఉండేది. నేడది 2016 అక్టోబరు 11న ఏర్పడిన వనపర్తి జిల్లాలో ఒక మండల కేంద్రం. దాని పేరు రెండు విధాలుగా రాయడం కనిపిస్తుంది. ‘గోపాలపేట’ అని అజంతంగా రాస్తే ఏ చిక్కూ లేదు. ‘గోపాల్‌పేట’ అని లకారపు పొల్లుతో రాసినప్పుడే ఈ వ్యాసానికి సంబంధించిన సమస్య మొదలవుతుంది.

తెలుగు అజంత భాష. పదం మధ్యలో హల్లు విడిగా నిలబడి, తరువాతి హల్లుతో సంయుక్తం కాకుండా ఉండడం దాని సహజ స్వభావం కాదు. అయితే శతాబ్దాల పాటు ఉర్దూ, పారశీక పదాలతో కలిసి మెలిగిన పాలమూరు ప్రాంతంలో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, షాద్‌నగర్ వంటి పేర్లు నిత్యవ్యవహారంలో ఉన్నాయి. వీటిలో పొల్లు పొల్లుగానే కనిపించాలి. ‘మహబూబ్నగర్’ అని బకారానికి నావత్తు తగిలిస్తే చదివేవారి నాలుక తడబడుతుంది. ‘గోపాల్‌పేట’లోని లకారం కింద పావత్తు చేరినా అంతే.

చేతి అచ్చు కూర్చే కాలంలో ఇది సమస్యే కాదు. కంపోజిటరు ‘ల్’ అచ్చును, దాని పక్కన ‘పే’ అచ్చును పేర్చేవాడు. రెండూ వేర్వేరు సీసపు ముక్కలు కనుక వాటంతట అవి కలిసిపోయే ప్రమాదం లేదు. వత్తు కావాలంటేనే వత్తు అచ్చును వెతుక్కోవాలి. కంప్యూటరు వచ్చాక ఈ సంబంధం తలకిందులైంది. పొల్లుకు వెంటనే మరో హల్లు వస్తే వత్తుగా మారడమే సహజస్థితి అయింది, మారకుండా ఆపడానికే ప్రత్యేక ప్రయత్నం అవసరమైంది. భారతీయ లిపులకు ప్రభుత్వం రూపొందించిన ఇస్కీ ప్రమాణంలో హలంత చిహ్నాన్ని రెండుసార్లు రాయడం ద్వారా ఈ పని జరిగేది. 1991లో వెలువడిన యూనికోడ్ ఇస్కీ అమరికను అనుసరించి తెలుగుకు స్థానం కల్పించింది. నేటి యూనికోడ్ పద్ధతిలో ఈ పనికి వాడేది పొల్లు తరువాత వచ్చే ఒక అదృశ్యసంకేతం. దాని సంఖ్య 200సి, దాని పేరుకు అర్థం ‘వెడల్పు లేని విడదీత గుర్తు’. ఈ వ్యాసంలో దీనిని ‘విడదీత గుర్తు’ అని వ్యవహరించడం జరిగింది.

కనుక గోపాల్‌పేట అనే పేరు యంత్రానికి పది సంకేతాల వరుస. అవి గ, ఓత్వం, ప, దీర్ఘం, ల, పొల్లు, విడదీత గుర్తు, ప, ఏత్వం, ట. చదివేవారికి కనిపించేవి అయిదు అక్షరాలే. పదింటిలో ఏడవది కంటికి కనిపించదు, కాని దానిని తొలగిస్తే పేరు గోపాల్పేట అవుతుంది. ఈ ఏడవ సంకేతం రూపానికి చెందినదా, అర్థానికి చెందినదా అన్న ప్రశ్న తెలుగు వ్యాకరణవేత్తలకు ఎన్నడూ ఎదురుకాలేదు. దానికి తొలి అధికారిక సమాధానం ఇచ్చింది ఒక ప్రోగ్రామింగ్ భాషా ప్రమాణం.

2. 1999 నాటి నియమం:

జావాస్క్రిప్ట్‌ను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో రూపొందించాడన్నది ప్రసిద్ధమైన సంగతి. వేర్వేరు బ్రౌజర్లలో భాష వేర్వేరుగా చీలిపోకుండా ఎక్మా అనే ప్రమాణాల సంస్థ దానికి 1997లో తొలి కూర్పు ప్రకటించింది. ప్రమాణంలో ఆ భాష పేరు ఎక్మాస్క్రిప్ట్. మూడవ కూర్పు 1999 డిసెంబరులో వచ్చింది. చలరాశుల పేర్లను ఆంగ్లాక్షరాలతోనే గాక తెలుగుతో సహా యూనికోడ్‌లోని అన్ని లిపుల అక్షరాలతోనూ రాయడానికి ఈ కూర్పు అనుమతించింది. ఆ కాలానికి ఇది ఉదారమైన నిర్ణయమే.

అదే కూర్పులోని ఏడవ అధ్యాయం మొదట్లో మరొక నియమం ఉంది. యూనికోడ్‌లో ‘రూపనియంత్రణ సంకేతాలు’ అనే వర్గానికి చెందిన గుర్తులు ప్రోగ్రాములో ఎక్కడైనా ఉండవచ్చు, కాని యంత్రం ప్రోగ్రామును చదవడం మొదలుపెట్టే ముందే వాటన్నింటినీ తొలగించాలి అన్నది దాని సారాంశం. ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్న పాఠ్యానికి కూడా మినహాయింపు లేదు. అటువంటి గుర్తు పాఠ్యంలో నిలవాలంటే దానిని గుర్తుగా రాయకుండా, వెనుకగీతతో మొదలయ్యే సంఖ్యారూపంలో, అంటే ఎస్కేప్ రూపంలో రాయాలని ప్రమాణమే సూచించింది. విడదీత గుర్తు ఈ వర్గానికి చెందినదే.

దీని ఫలితం స్పష్టం. ప్రమాణాన్ని తుచ తప్పకుండా పాటించే యంత్రంలో ఒక ప్రోగ్రామరు ‘గోపాల్‌పేట’ అని టైపు చేస్తే యంత్రం చదివేది ‘గోపాల్పేట’. పది సంకేతాలు తొమ్మిదవుతాయి. వెలుపలి దత్తాంశంలో విడదీత గుర్తుతో నమోదైన ఊరిపేరును ఈ పాఠ్యంతో పోలిస్తే రెండూ సమానం కావు. తెర మీద కోడ్ సరిగానే కనిపిస్తుంది, దత్తాంశమూ సరిగానే కనిపిస్తుంది, ఊరు మాత్రం దొరకదు.

నియమం రాసినవారి దృష్టిలో ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. పాఠ్యాన్ని ఎడిటరులో చక్కగా చూపడానికి ఉపయోగపడే గుర్తులు ప్రోగ్రాము అర్థంలో భాగం కావని, వాటిని రాయనిచ్చి తరువాత తీసివేయడమే సౌకర్యమని వారు భావించారు. ‘రూపనియంత్రణ’ అన్న వర్గనామమే వారిని తప్పుదోవ పట్టించిందని చెప్పడం అసమంజసం కాదు. రోమన్ లిపి దృష్టితో చూసినప్పుడు ఇటువంటి గుర్తులు అలంకారప్రాయాలు. పారశీకంలో మాత్రం విడదీత గుర్తు క్రియాపదాల వర్ణక్రమంలోనే భాగం. తెలుగులో అది పేర్ల వర్ణక్రమంలో భాగం. ఒక లిపికి రూపమైనది మరొక లిపికి అక్షరక్రమం అవుతుందన్న స్పృహ ఆ నియమంలో లోపించింది.

ఈ నియమాన్ని అన్ని బ్రౌజర్లూ ఒకే తీరుగా పాటించలేదు. పాటించకపోవడం వల్లనే కొన్ని చోట్ల తెలుగు బతికిపోయిందనుకోవాలి. సరిగ్గా ఆ కాలంలోనే తెలుగువారు జావాస్క్రిప్ట్‌ను తమ లిపి కోసం గట్టిగా వాడుకోవడం మొదలైంది. దినపత్రికల సొంత ఫాంట్లలోని పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’, రోమన్ అక్షరాలతో టైపు చేసిన తెలుగును అక్కడికక్కడే తెలుగు లిపిలోకి మార్చడానికి వీవెన్ పద్మ ఆధారంగా నిర్మించిన ‘లేఖిని’ ఈ భాషలోనే నడిచాయి. అంతర్జాలంలో తెలుగు రాయడం నేర్చుకున్న తొలి తరం చాలామందికి ఈ రెండూ సుపరిచితాలు. తెలుగు లిపిని పండించే ప్రోగ్రాములు నడిచిన భాష, ప్రమాణం మాటకు వస్తే, ఆ లిపిలోని ఒక వర్ణక్రమ చిహ్నాన్ని కోడ్‌లో నేరుగా నిలువనివ్వనిది కావడం ఆ దశాబ్దపు వైచిత్రి.

నాలుగవ కూర్పు కోసం జరిగిన దీర్ఘచర్చలు ఫలించక 2008లో ఆ ప్రయత్నం విరమించబడింది. 2009 డిసెంబరులో వచ్చిన అయిదవ కూర్పు పాత నియమాన్ని రద్దు చేసింది. రూపనియంత్రణ సంకేతాలను ఇకపై తొలగించరాదని, పాఠ్యంలో ఉంటే పాఠ్యంలో భాగంగానే గ్రహించాలని నిర్దేశించింది. అంతేగాక విడదీత గుర్తును, దాని జంట అయిన కలయిక గుర్తును చలరాశుల పేర్ల మధ్యలో కూడా అనుమతించింది. అప్పటి నుంచి గోపాల్‌పేట, గోపాల్పేట అన్నవి జావాస్క్రిప్ట్‌లో రెండు వేర్వేరు పేర్లు. పదేళ్ల పాటు రూపంగా లెక్కించబడిన గుర్తు అర్థం వైపుకు చేరింది.

3. తీర్చి ముద్రించే యంత్రాలు:

ఈ సవరణకు ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే ఫార్మాటర్ల చరిత్రను కొంత వెనక్కి వెళ్లి చూడాలి. ప్రోగ్రామును యంత్రమే చక్కని పంక్తులుగా తీర్చి ముద్రించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1967 ప్రాంతంలో బిల్ గాస్పర్ లిస్ప్ భాషకు రాసిన ‘గ్రైండ్’ అనే ప్రోగ్రాము తొలి ఉదాహరణలలో ఒకటి. కుండలీకరణాలతో నిండిన లిస్ప్ పాఠ్యాన్ని మనిషి చదవడం కష్టం కనుక అవసరం అక్కడ ముందుగా పుట్టింది. 1976లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సి భాష కోసం ‘ఇండెంట్’ తయారై, తరువాత బర్కిలీ యునిక్స్‌తో పాటు వ్యాపించింది. కమాండ్ లైన్‌లో ఫైలు పేరు ఇస్తే సరిదిద్దిన ఫైలు వచ్చే పద్ధతి అప్పటికే స్థిరపడింది.

సిద్ధాంతపరంగా మలుపు 1980లో డెరెక్ ఆపెన్ వ్యాసంతో వచ్చింది. పంక్తి ఎక్కడ విరగాలో నిర్ణయించడానికి పాఠ్యాన్ని మళ్లీ మళ్లీ చదవనక్కర లేదని, ముందుకు కొద్ది మేరకే చూస్తూ ఒకే నడకలో ఆ పని పూర్తి చేయవచ్చని ఆయన చూపాడు. 1995లో జాన్ హ్యూజ్ దీనిని బీజగణిత పద్ధతిలో పునర్నిర్మించగా, ఫిలిప్ వాడ్లర్ మరింత సరళం చేశాడు. వాడ్లర్ వ్యాసం రిచర్డ్ బర్డ్ గౌరవార్థం వెలువడిన 2003 నాటి సంపుటంలో చేరింది. హ్యూజ్ పద్ధతి కన్నా తనది ‘మరింత అందమైనది’ అన్న చమత్కారంతో వాడ్లర్ పెట్టిన శీర్షికలోని ఆ మాటే పద్నాలుగేళ్ల తరువాత ఒక సాధనానికి పేరయింది.

ఆ పద్ధతి తెలుగు పద్యం తెలిసినవారికి అపరిచితంగా తోచదు. ప్రోగ్రాములోని ప్రతి భాగాన్నీ ఒక గుంపుగా భావిస్తారు. గుంపులో విరగడానికి వీలున్న చోట్లు గుర్తించబడి ఉంటాయి. మిగిలిన వెడల్పులో గుంపు మొత్తం పడితే ఒకే పంక్తిలో రాస్తారు. పట్టకపోతే గుర్తించిన చోట్లన్నింటా విరుస్తారు, లోపలి గుంపులకు మళ్లీ అదే పరీక్ష. యతిస్థానం చూసి పాదం విరవడం వంటిదే, కాని ఇక్కడ గణాల బదులు నిలువుగళ్ల లెక్క. ఆ వెడల్పు సాధారణంగా 80 గళ్లు. 1928లో ఐబీఎం ప్రవేశపెట్టిన 80 గళ్ల చిల్లుల కార్డు నుంచి టెర్మినల్ తెరల మీదుగా వచ్చిన సంఖ్య ఇది.

జావాస్క్రిప్ట్ లోకం ఈ సిద్ధాంతాన్ని చాలా ఆలస్యంగా అందుకుంది. 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ‘జేఎస్‌లింట్’, 2013లో నికొలస్ జకాస్ ‘ఈఎస్‌లింట్’ ప్రధానంగా తప్పులు ఎత్తిచూపే సాధనాలు. ఎక్కడ ఖాళీ ఉండాలి, ఎక్కడ అర్ధవిరామం ఉండాలి అన్న నియమాలు వందలకొద్దీ చేరాయి, ప్రతి బృందమూ తన నియమావళి తయారుచేసుకుంది. కోడ్ పరిశీలనలో అసలు దోషాల కన్నా ఖాళీల మీద వాదాలే ఎక్కువయ్యాయన్నది ఆ కాలపు ప్రోగ్రామర్ల సాధారణ ఫిర్యాదు. 2009లో వెలువడిన గో భాష తన ఫార్మాటరును భాషతోనే జతచేసి, ఎంపికలకు తావివ్వకుండా ఈ వాదాన్ని మొదట్లోనే ముగించింది. జావాస్క్రిప్ట్‌కు అటువంటి కేంద్ర అధికారం లేదు.

4. ప్రెట్టియర్:

2017 జనవరిలో జేమ్స్ లాంగ్ ప్రెట్టియర్‌ను ప్రకటించాడు. ఫేస్‌బుక్‌లో పనిచేస్తున్న క్రిస్టఫర్ షెడో దాని అభివృద్ధిలో ముఖ్యపాత్ర వహించాడు. ‘రీకాస్ట్’ అనే పాత సాధనపు ముద్రణభాగాన్ని తీసుకొని, దానిలో వాడ్లర్ పద్ధతిని నెలకొల్పడం దీని ఆరంభం.

టెర్మినల్‌లో ప్రెట్టియర్ పేరు, ‘రైట్’ అనే ఎంపిక, ఫైళ్ల పేర్లు ఇస్తే అది ప్రతి ఫైలునూ చదివి, సరిచేసి, అదే చోట తిరిగి రాస్తుంది. ‘చెక్’ అనే ఎంపిక ఇస్తే ఏమీ మార్చకుండా నియమం తప్పిన ఫైళ్ల పేర్లు మాత్రం చెబుతుంది. లోపల జరిగేది ఇది. సాధనం ముందుగా ప్రోగ్రామును వాక్యనిర్మాణ వృక్షంగా విడదీస్తుంది. ఆ దశలో రచయిత పెట్టిన ఖాళీలు, పంక్తివిరుపులు, అనవసరపు కుండలీకరణాలు దాదాపు అన్నీ మరచిపోబడతాయి. ఆ వృక్షం నుంచి కొత్త పాఠ్యం పుడుతుంది. కనుక ఇది రచయిత రాతకు చేసే సవరణ కాదు, పునర్లేఖనం. వ్యాఖ్యలను వాటి చోట నిలపడం, భాగాల మధ్య ఖాళీపంక్తిని, అనేకం ఉంటే ఒకటిగా కుదించి, ఉంచడం, వస్తువు తొలి గుణానికి ముందు రచయిత పంక్తి విరిస్తే దానిని గౌరవించడం వంటి కొద్ది చోట్ల మాత్రమే అసలు రాత జాడ మిగులుతుంది.

తాళపత్ర ప్రతుల పరిష్కరణతో పరిచయం ఉన్నవారికి ఈ వర్ణన వెంటనే ఒక పోలికను స్ఫురింపజేస్తుంది. ప్రతులలో పదాల మధ్య ఎడం లేదు, పద్యపాదాలు ఆకు వెడల్పును బట్టి సాగుతాయి. 19వ శతాబ్దిలో అచ్చు వచ్చాక పరిష్కర్తలు పాదాలు విడదీసి, పదాలు విడగొట్టి, విరామచిహ్నాలు చేర్చారు. రాతను మరచి రచనను మాత్రం గ్రహించి కొత్త రూపం ఇవ్వడమే అక్కడా జరిగింది. అయితే ఎడం పెట్టడం ఎప్పుడూ అమాయకమైన పని కాదు. పింగళి సూరన రాఘవపాండవీయం వంటి ద్వ్యర్థికావ్యంలో ఒక విధంగా విరిస్తే రామాయణ కథ, మరొక విధంగా విరిస్తే భారత కథ. పదచ్ఛేదం చేసిన మరుక్షణం పరిష్కర్త రెండర్థాలలో ఒకదానిని ఎంచుకున్నవాడవుతాడు. అక్కడ ఎడం అనేది రూపం కాదు, అర్థమే.

జావాస్క్రిప్ట్‌లోనూ ఇటువంటి చోట్లు ఉన్నాయి. ఫలితాన్ని తిరిగి ఇచ్చే ‘రిటర్న్’ అనే మాట తరువాత పంక్తి విరిచి, ఇవ్వవలసిన విలువను కింది పంక్తిలో రాస్తే, యంత్రం మొదటి పంక్తి చివర తానే అర్ధవిరామం ఉందని భావించి శూన్యాన్ని తిరిగి ఇస్తుంది. విరుపు అర్థాన్ని మార్చింది. ప్రెట్టియర్ అటువంటి చోట పొడవైన విలువను కుండలీకరణాలలో చుట్టి ఆ తరువాతనే విరుస్తుంది. 2018 నవంబరులో వచ్చిన 1.15 సంచిక హెచ్‌టీఎంఎల్‌కు విస్తరించినప్పుడు ఇబ్బంది మరింత ముదిరింది. వెబ్‌పేజీలో రెండు పదాల మధ్య ఎడం కంటికి కనిపించే ఎడమే కనుక దానిని చేర్చడానికీ తీసివేయడానికీ వీలు లేదు. ఎడం రాకుండా కాపాడడం కోసం సాధనం ముగింపు కోణచిహ్నాన్ని కింది పంక్తికి నెట్టే వికారపు రూపాలను ఎంచుకుంది. అందం కన్నా అర్థమే ముఖ్యమన్న నిర్ణయం సరైనదే, కాని దాని మీద వచ్చిన విసుగు తక్కువది కాదు.

తెలుగుకు దగ్గరి పోలిక ఈశాన్య ఆసియా లిపులది. ప్రెట్టియర్ మార్క్‌డౌన్ పాఠ్యాన్ని సరిదిద్దేటప్పుడు చీనీ, జపనీ అక్షరాలకూ రోమన్ అక్షరాలకూ నడుమ తానే ఒక ఎడం చేర్చేది. అందంగా ఉంటుందని కొందరు పాటించే అలవాటు అది, లిపినియమం కాదు. 2023లో వచ్చిన మూడవ సంచికలో ఆ చేర్పు తొలగించబడింది. రూపమని భావించి సాధనం ముట్టుకున్న చోటు ఆ లిపులలో రాసేవారి పాఠ్యమని అంగీకరించడానికి ఏళ్లు పట్టింది.

ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్న పాఠ్యం విషయంలో మాత్రం ప్రెట్టియర్ మొదటి నుంచీ జాగ్రత్తగానే ఉంది. ఒంటి చిహ్నాలను జంట చిహ్నాలుగా మారుస్తుందే గాని లోపలి అక్షరాలను కదపదు. గోపాల్‌పేట పది సంకేతాలతో లోపలికి వెళ్లి పది సంకేతాలతో బయటికి వస్తుంది. ఈ నిరపాయత్వం సాధనం గొప్పతనం మాత్రమే కాదు. 1999 నియమమే అమలులో ఉండి ఉంటే, పాఠ్యాన్ని విడదీసే దశలోనే విడదీత గుర్తు రాలిపోయి, వృక్షం నుంచి తిరిగి రాసేటప్పుడు గోపాల్పేట అని ఫైలులోనే శాశ్వతంగా నమోదయ్యేది. నిన్నటి వరకు యంత్రపు చదువులో మాత్రమే జరిగిన నష్టం అప్పుడు రాతప్రతికే సోకేది. ప్రెట్టియర్ నిలిచిన నేల 2009 సవరణ.

5. కొలబద్ద మిగిలింది:

పాఠ్యాన్ని కదపకపోయినా సాధనం దానిని కొలవక తప్పదు. పంక్తి 80 గళ్లలో పడుతుందా లేదా అన్నది తేలితేనే విరుపు నిర్ణయం అవుతుంది. ఈ కొలత ఎలా జరుగుతుందన్నది సూక్ష్మమైన విషయం, అయినా తెలుగుకు సంబంధించినంత వరకు అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ప్రెట్టియర్ వెడల్పు లెక్క ఈ విధంగా సాగింది. చీనీ వంటి లిపుల విశాలాక్షరాలకు, ఎమోజీలకు రెండేసి గళ్లు. ఐరోపా భాషల అక్షరాలపై చేరే స్వరచిహ్నాల వర్గానికి శూన్యం. తక్కిన వాటికి ఒక్కొక్క గడి. తెలుగు గుణింతపు గుర్తులు, పొల్లు ఆ స్వరచిహ్నాల వర్గంలో లేవు కనుక ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క గడి పడుతుంది. ‘తెలుగు’ అనే మాటకు మూడక్షరాల బదులు ఆరు గళ్లు. ‘రాష్ట్రం’ కంటికి రెండక్షరాలు, సాధనానికి ఎనిమిది గళ్లు.

ఒక ఉదాహరణ. ‘ఊర్లు’ అనే పేరుతో వనపర్తి, గద్వాల, కొల్లాపూర్, ఆత్మకూర్, అమరచింత, పెబ్బేరు అన్న ఆరు పేర్ల జాబితాను ఒకే పంక్తిలో రాసినట్లు ఊహించవచ్చు. ముందు అయిదు ఆంగ్లాక్షరాల ‘కాన్‌స్ట్’ అనే కీలకపదం, సమానచిహ్నం, చదరపు కుండలీకరణాలు, ప్రతి పేరుకూ ఉల్లేఖన చిహ్నాలు, నడుమ కామాలు, చివర అర్ధవిరామం. సాధనం లెక్కలో ఈ పంక్తి 85 గళ్లు. హద్దు దాటింది కనుక ఆరు పేర్లూ ఆరు పంక్తులుగా విరుగుతాయి. తెలుగు అక్షరాలను అక్షరాలుగా లెక్కిస్తే అదే పంక్తి 59. అంతే పొడవుగా కనిపించే రోమన్ పాఠ్యం ఒకే పంక్తిలో హాయిగా నిలిచేది. ప్రోగ్రాము అర్థానికి హాని లేదు, నిజమే. కాని ఒకే నియమం రెండు లిపులకు రెండు ఫలితాలు ఇస్తున్నదన్నది కాదనలేని విషయం.

దీనికి సాధనాన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. తెలుగు అక్షరాలు సమానమైన వెడల్పు గలవి కావు. ‘ర’కూ ‘ఘ్యౌ’కూ ఒకే గడి కేటాయించడం ఏ ఫాంటుకూ సాధ్యం కాదు. టెర్మినల్ అనే ఉపకరణమే గళ్ల మీద నిర్మించబడింది, గడి రోమన్ అక్షరపు కొలత. పైగా ‘అక్షరం’ అంటే ఏమిటన్న విషయంలో యూనికోడ్ కూడా చాలాకాలం తెలుగు పాఠకుడితో ఏకీభవించలేదు. వాడుకరి ఒక్కటిగా గ్రహించే అక్షరగుచ్ఛాన్ని గుర్తించే నియమాలలో పొల్లు తరువాత తెంపు ఉండేది. ఆ లెక్కన ‘రాష్ట్రం’ రా, ష్, ట్, రం అనే నాలుగు గుచ్ఛాలు. 2023లో వచ్చిన 15.1 సంచికలో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళాలతో పాటు తెలుగుకు ఈ నియమం సవరించబడి, సంయుక్తాక్షరం ఒకే గుచ్ఛంగా గుర్తింపు పొందింది. ఛందశ్శాస్త్రం చదివిన విద్యార్థి ఎవరైనా చెప్పగల సంగతి ప్రమాణపత్రంలోకి రావడానికి యూనికోడ్ పుట్టి ముప్పై రెండేళ్లు పట్టింది. విడదీత గుర్తు ఉన్నచోట గుచ్ఛం తెగుతుంది కనుక గోపాల్‌పేటకు అయిదు, గోపాల్పేటకు నాలుగు. కంటికి కనిపించని ఆ గుర్తు ఈ లెక్కలో ఒక అక్షరం విలువ చేసింది.

6. చెరిగే జాడలు, అనుమానించే కళ్లు:

పాత కోడ్ మీద ఫార్మాటరును తొలిసారి నడిపినప్పుడు ఒకే ఒక్క దెబ్బతో వేల పంక్తులు మారతాయి. ఏ పంక్తిని ఎవరు ఎప్పుడు రాశారో నమోదు చేసే గిట్ వ్యవస్థలో ఆ పంక్తులన్నింటికీ చివరి కర్తగా ఫార్మాటరును నడిపిన వ్యక్తి పేరు పడుతుంది. లేఖకుడి పేరు కవి పేరును కప్పివేయడం వంటిదే ఇది. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23లో ఇటువంటి మార్పులను లెక్కలోకి తీసుకోకుండా వెనకటి కర్తను చూపే ఏర్పాటు చేరింది. ఆ మార్పుల జాబితాను మాత్రం బృందమే రాసి పెట్టుకోవాలి. 2023లో ఈఎస్‌లింట్ తన సొంత ఫార్మాటింగ్ నియమాలను విరమించుకుంటున్నట్లు ప్రకటించడంతో తప్పులు చూపేవాడు, తీర్చి రాసేవాడు వేర్వేరు అన్న విభజన స్థిరపడింది.

అదృశ్యసంకేతాల కథ మాత్రం మరో మలుపు తిరిగింది. 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ ఒక దాడిని వివరించారు. అరబిక్ వంటి కుడి నుంచి ఎడమకు సాగే లిపుల కోసం ఉన్న దిశామార్పు సంకేతాలను కోడ్‌లో దాచి, పరిశీలించేవారికి ఒక ప్రోగ్రామును, యంత్రానికి మరొక ప్రోగ్రామును చూపవచ్చునని వారు నిరూపించారు. ఇదీ ఒక విధమైన ద్వ్యర్థికావ్యమే, అయితే దురుద్దేశంతో రాసినది. దాని తరువాత ఎడిటర్లు కంటికి కనిపించని సంకేతాలను హెచ్చరిక రంగుతో చూపడం మొదలుపెట్టాయి. హెచ్చరిక న్యాయమైనదే. కాని కనిపించని సంకేతాలన్నింటినీ ఒకే గాటన కట్టిన చోట ‘గోపాల్‌పేట’ రాసిన ప్రోగ్రామరుకు ఆ పేరు మధ్యలో ఒక అనుమానాస్పద వస్తువు ఉన్నట్లు కనిపిస్తుంది. లిపి తెలియని సహోద్యోగి దానిని చెత్తగా భావించి తుడిచివేయడానికి ఒక్క మీట చాలు. 1999లో ప్రమాణం చేసిన పనిని అప్పుడు మనిషి చేసినట్లవుతుంది.

అందువల్ల కొందరు ఆ గుర్తును నేరుగా రాయక, మూడవ కూర్పు నాటి పద్ధతిలో ఎస్కేప్ రూపంలోనే రాస్తారు. అలా రాస్తే ఏడవ సంకేతం అందరికీ కనిపిస్తుంది, ఎవరూ పొరబాటున తుడవరు. కాని ఊరిపేరు నడుమ వెనుకగీత, అంకెలు, ఆంగ్లాక్షరాలు చేరి తెలుగు పాఠకుడికి అది చదవరాని మాట అవుతుంది. నేరుగా రాస్తే చదవడానికి హాయి, కాపాడడం కష్టం. ప్రెట్టియర్ ఈ రెండు రూపాలనూ ముట్టుకోదు. ఎస్కేప్‌ను గుర్తుగా మార్చదు, గుర్తును ఎస్కేప్‌గా మార్చదు, ఎలా రాసినది అలాగే ఉంచుతుంది. ఒకే ఫైలులో ఒక పంక్తిలో ఒక విధంగా, మరొక పంక్తిలో మరొక విధంగా ఊరిపేరు ఉన్నా అభ్యంతరం చెప్పదు. అర్ధవిరామాల నుంచి ఉల్లేఖన చిహ్నాల వరకు ప్రతిదీ తానే నిర్ణయించే సాధనం, గోపాల్‌పేటను ఎలా రాయాలన్న నిర్ణయాన్ని మాత్రం ఆ పేరు రాసే చేతికే వదిలింది.